కోకోపీట్‌లో నారు పాలిపోతే ముందు చూడాల్సింది నీళ్లు

సంక్షిప్తంగా: కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఇంట్లో ట్రేల్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపి టమాట, మిరప, వంగ నారు పోసేవారికి ఒకే రకం ఇబ్బందులు ఎదురవుతున్నాయి. రెండో వారానికి ఆకు పాలిపోతుంది, కాడ సాగిపోతుంది, మొదలు మెత్తబడి మొక్క పడిపోతుంది. నింద విత్తనం మీదో తెగులు మీదో పడుతుంది. అసలు కారణాలు సాధారణంగా నాలుగు: సరిగా కడగని పొట్టులోని పొటాషియం, సోడియం; బోరు నీటిలోని ఉప్పు, బైకార్బనేటు; పైన ఆరినా అడుగున ఆరని తడి; చాలని వెలుతురు. తెగులు చాలాసార్లు వీటి వెనకే వస్తుంది. ఏ ఆకు, ఏ రోజున, ఏ అంచు నుంచి మారిందో చూస్తే కారణం చాలావరకు తేలుతుంది.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే మొక్క నాటాలంటే నారు అప్పటికి సిద్ధంగా ఉండాలి. మిరప నారుకు 35 నుంచి 40 రోజులు, టమాటకు 25 నుంచి 30 రోజులు కావాలి. అంటే విత్తనం ట్రేలో పడేది ఏప్రిల్ చివరా, మే మొదట్లో. నారు పెరిగేది సరిగ్గా రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో. మిద్దె మీద పెడితే మొలక మాడిపోతుందని ట్రేను ఇంట్లో కిటికీ పక్కన, కడప బండ అరుగు మీద పెడతారు. మొదటి వారం అంతా బాగానే ఉంటుంది.

పన్నెండో రోజున వంగి చూస్తే తేడా కనబడుతుంది. విత్తనపు ఆకుల (మొలకతో పాటు వచ్చే మొదటి రెండు ఆకుల) కొసలు కాగితం అంచు కాలినట్టు గోధుమరంగులో ఉంటాయి. మధ్యలో వస్తున్న అసలు ఆకు బియ్యపు గింజంతే ఉండి లేత పసుపులో ఆగిపోయి ఉంటుంది. ట్రే గుంతల అంచుల వెంబడి, ఊరగాయ జాడీ మూతి దగ్గర ఎండిన ఉప్పులాంటి తెల్లటి పొర. పైన పొట్టును వేలితో తాకితే పొడిగా రాలుతుంది. అదే ట్రేను ఎత్తి అడుగు రంధ్రంలోకి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేరుకొస కాఫీ రంగులో ఉంటుంది.

ఇక్కడి నుంచి నడిచే కథ దాదాపు ఏ ఇంట్లోనైనా ఒకటే. పొడిగా ఉందని నీళ్లు పోస్తారు. పసుపు తగ్గలేదని 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) కలిపి పోస్తారు. మొక్క వాలితే తెగులని మందు తెస్తారు. మొదటి చర్య అడుగు తడిని పెంచింది, రెండోది ఉప్పును పెంచింది. మూడోది చేరేసరికి మందు పీల్చుకునే వేరే మిగల్లేదు.

అక్కడ చలికి, ఇక్కడ ఎండకు

ఇంట్లో నారు పెంచే పద్ధతి గురించి దొరికే సలహాల్లో పెద్ద భాగం చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ బయట మంచు ఉంటుంది కాబట్టి మొక్కను లోపల పెడతారు, ట్రే కింద వేడి చాప వేస్తారు, పైన మూత పెట్టి తేమ నిలుపుతారు. వారి గది ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఇక్కడ లోపల పెట్టేది వేడి తట్టుకోలేక. మే నెలలో పై అంతస్తు గదిలో, శ్లాబు కింద, రాత్రి పూట కూడా 32, 33 డిగ్రీలు తగ్గని రోజులు తక్కువేమీ కాదు. టమాట గింజ 25 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా మొలుస్తుంది. 35 దాటితే మొలక శాతం పడిపోతుంది. పడమటి గోడకు ఆనించిన కడప బండ సాయంత్రం ఆరు దాటినా చేతికి వెచ్చగానే తగులుతుంది. దాని మీదున్న ట్రేలో వేరు ఆ వేడిలోనే రాత్రంతా ఉంటుంది. వేడి చాప అవసరం ఎలాగూ లేదు, ఉన్న వేడి దించుకోవడమే ఇక్కడి పని. ట్రే కింద రెండు చెక్క ముక్కలు పెట్టి బండకు అంటకుండా లేపితే చాలు, అడుగున గాలి ఆడుతుంది, నీళ్లూ జారిపోతాయి.

మూత విషయం కూడా అంతే. నర్సరీల్లో విత్తనం వేసిన ప్రోట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథిన్ షీటు కప్పుతారు, మొలక తల ఎత్తిన రోజే విడదీసి షేడ్‌నెట్ కింద పరుస్తారు. ఇంట్లో ఆ ఒక్క రోజు ఆలస్యమైతే, వేడిలో, చీకటిలో మొలక తెల్లగా రెండంగుళాలు లేస్తుంది. తర్వాత ఎంత వెలుతురు చూపినా ఆ కాడ పొట్టిది కాదు.

కొబ్బరి పొట్టు మట్టిలా ప్రవర్తించదు

సీమలో కొబ్బరి తోటలు తక్కువ. ఇక్కడ అమ్ముడయ్యే కోకోపీట్ ఇటుకలు కోనసీమ వైపు నుంచో, తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతం నుంచో వస్తాయి. కొబ్బరి డొక్క నుంచి పీచు తీస్తుంటే రాలిపడేదే ఈ పొట్టు. పేరులో పీట్ ఉన్నా చలి దేశాల చిత్తడి నేలల్లో తవ్వే పీట్‌కు దీనికి సంబంధం లేదు. తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీరు పట్టుకుంటుంది, తేలికగా ఉంటుంది, ఇటుకగా నొక్కి లారీల్లో పంపవచ్చు. 650 గ్రాముల ఇటుక నానితే 8, 9 లీటర్ల పొట్టవుతుంది. నర్సరీలు మట్టి నారుమళ్ల నుంచి దీనికి మారడానికి ఇవే కారణాలు.

అయితే కొబ్బరి చెట్టు పొటాషియాన్ని బాగా లాగే చెట్టు, పైగా ఉప్పు గాలిలో, ఉప్పు నేలల్లో పెరిగే చెట్టు. డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడు సహజంగానే ఎక్కువ. డొక్కను ఉప్పుటేటి నీళ్లలో నానబెట్టి పీచు తీసిన చోట సోడియం ఇంకా చేరుతుంది. ఈ ఉప్పులు పొట్టులో రెండు రకాలుగా ఉంటాయి. ఒక భాగం నీటిలో తేలిగ్గా కరిగి వెళ్లిపోయేది. రెండో భాగం పొట్టు కణాల మీదున్న రుణావేశ స్థానాలకు అతుక్కుని ఉండేది. ఎంత కడిగినా ఈ రెండోది కదలదు. దాన్ని కదిలించాలంటే దానికన్నా గట్టిగా అతుక్కునే కాల్షియం కావాలి.

తికమక అంతా ఇక్కడే మొదలవుతుంది. కడిగిన పొట్టును సిద్ధమైన పొట్టుగా భావించి విత్తనం వేస్తారు. నీటిలోనో ఎరువులోనో వచ్చే కాల్షియం, మెగ్నీషియంలను పొట్టు తాను పట్టుకుని బదులుగా పొటాషియం, సోడియంలను వేరు దగ్గర వదులుతుంది. మొక్కకు కాల్షియం కరువు, పొటాషియం విందు. పొటాషియం ఎక్కువైతే వేరు మెగ్నీషియాన్ని, కాల్షియాన్ని తీసుకోవడం ఇంకా తగ్గుతుంది. ఎరువు వేస్తున్నా లోపం కనిపించడానికి కారణం ఈ మార్పిడే.

అందుకే కాల్షియం నైట్రేట్‌తో నానబెట్టే పద్ధతి వచ్చింది. సాధారణంగా వాడే మోతాదు 5 కిలోల దిమ్మెకు 100 గ్రాములు. ఆ లెక్కన 650 గ్రాముల ఇటుకకు 13 గ్రాములు, అంటే రెండు మూడు టీస్పూన్లు. ఇటుకను ముందు మంచి నీళ్లలో విప్పి, రెండు మూడుసార్లు కడిగి పిండి, తర్వాత ఈ ద్రావణంలో ఒక పగలు ఒక రాత్రి ఉంచి, మళ్లీ ఒకసారి కడగాలి. అట్ట మీద ‘లో ఈసీ’ (ఉప్పు తక్కువ) అని ఉన్న ఇటుక కడిగిన ఇటుక మాత్రమే. కాల్షియంతో శుద్ధి చేశారని వేరుగా రాసి లేకపోతే చేయలేదనే అనుకోవాలి.

కడగడంలో ఒక పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. మొదటి నీళ్లు టీ డికాక్షన్‌లా ఎర్రగా వస్తాయి, మూడోసారికి తేటపడతాయి, దాంతో ఉప్పు పోయిందనుకుంటారు. ఆ ఎరుపు టానిన్లది. ఉప్పుకు రంగు లేదు. తేట నీళ్లలో ఉప్పు ఉండవచ్చు, ఎర్ర నీళ్లలో లేకపోనూవచ్చు. కంటితో తేలే విషయం కాదది.

ఆర్వో మెకానిక్ జేబులోని పెన్ను

ఉప్పు తేల్చే పరికరం చాలా ఇళ్లకు ఇప్పటికే వచ్చి వెళ్లింది. ఫిల్టరు మార్చడానికి వచ్చే మెకానిక్ గ్లాసులో ముంచి అంకె చూపించే టీడీఎస్ పెన్ను అదే. అది నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే ఈసీని. దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎంగా, అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ఉప్పుగా చూపిస్తుంది. మామూలు పెన్నుల్లో ఆ గుణకం 500. పెన్ను 500 చూపితే ఈసీ మీటరుకు 1 డెసీసీమెన్ అన్నమాట. కడిగిన పొట్టు నుంచి పిండిన నీళ్లు 250 నుంచి 400 లోపు ఉంటే విత్తనం వేయవచ్చు. 1000 దాటితే ఇంకా కడగాల్సిందే. అయితే కడగడానికి వాడిన నీళ్లే 700 ఉంటే పిండిన నీళ్లు 300కు ఎప్పటికీ రావు. ఏ అంకె చూసినా ముందు వాడే నీటి అంకె తెలియాలి.

ఈ మూడు జిల్లాల్లో నీళ్ల తేడా వీధి వీధికీ మారుతుంది. కర్నూలులో కుళాయికి వచ్చేది తుంగభద్ర నీరు. అనంతపురం నగరానికి పెన్నఅహోబిలం జలాశయం నుంచి వచ్చేదీ ఎక్కువగా తుంగభద్ర నీరే. పల్లెల్లో చాలా చోట్ల సత్యసాయి పథకం నీళ్లు. నారుకు ఇవి బోరు నీటికన్నా చాలా నయం. అదే ఇంట్లో వాడకానికి వేసుకున్న బోరు నీళ్లు మరో లోకం. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకని నీళ్లు, బక్కెట అంచున, కుళాయి మూతిన తెల్లటి పొర కట్టే నీళ్లు అంటే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లు దండిగా ఉన్నట్టే. అనంతపురం అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది, మనుషుల ఎముకల విషయంలో అది పెద్ద సమస్యే. టమాట, మిరప నారు పాలిపోయినప్పుడు మాత్రం ముందు అనుమానించాల్సింది మొత్తం ఉప్పును, బైకార్బనేటును.

వీటి పనితీరు వేరు వేరు. ఉప్పు నేరుగా వేరు నీరు పీల్చడాన్ని అడ్డుకుంటుంది, ఆకు అంచులను కాలుస్తుంది. బైకార్బనేటు నెమ్మది మనిషి. నీరు పోసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పొట్టు పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) పైకి, అంటే క్షారం వైపు లాగుతుంది. పొట్టు మొదట 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే రెండు మూడు వారాల్లో 7.5కు చేరవచ్చు. అప్పుడు పొట్టులో, ఎరువులో ఇనుము ఉన్నా వేరుకు అందని రూపంలో ఉంటుంది. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వస్తాయి.

చిన్న గుంతలో ఉప్పు ఎలా పెరుగుతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 98 గుంతల ట్రేలో ఒక్కో గుంత పట్టేది సుమారు 25 మిల్లీలీటర్ల పొట్టు, అందులో నీరు 20 మిల్లీలీటర్ల లోపే. 750 పీపీఎం నీటిని రోజుకు 10 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే రోజుకు 7.5 మిల్లీగ్రాముల ఉప్పు చేరుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పోదు. పది రోజుల్లో 75 మిల్లీగ్రాములు. అది 20 మిల్లీలీటర్లలో ఉంటే 3750 పీపీఎం, ఈసీ 7.5. నేలలో టమాట దిగుబడి ఈసీ 2.5 దగ్గర, మిరప 1.5 దగ్గర, ఉల్లి 1.2 దగ్గర తగ్గడం మొదలవుతుందని వ్యవసాయ శాస్త్రం చెప్పే ప్రమాణాలు. అవి పెరిగిన పంటకు, నేల నుంచి తీసిన ద్రావణానికి వేసిన అంకెలు. మొలక వాటికన్నా సున్నితం. అడుగు నుంచి ఒక్క చుక్కా జారకుండా జాగ్రత్తగా స్పూనుతో పోసే ఇంట్లోనే ఈ లెక్క ముందుగా నిజమవుతుంది. ప్రతిసారీ పోసిన దాంట్లో అయిదో వంతు కింద నుంచి కారిపోయేలా పోస్తే ఉప్పు దానితో పాటు దిగిపోతుంది.

ఇక ఆర్వో. యంత్రం వదిలేసే నీటిని పారబోయడం ఇష్టం లేక మొక్కలకు పోయడం పట్టణాల్లో మంచి అలవాటుగా ప్రచారమైంది. ఇల్లు కడగడానికి అది నిజంగా మంచి పనే. 800 పీపీఎం బోరు నీరు మూడు లీటర్లు లోపలికి వెళ్లి, ఒక లీటరు 80 పీపీఎం తాగునీరుగా బయటికొస్తే, మిగిలిన రెండు లీటర్లలో ఉప్పు 1160 పీపీఎంకు చేరుతుంది. పెరటి వేపచెట్టు దాన్ని తట్టుకుంటుంది. మిరప మొలక తట్టుకోదు.

అలాగని ఆర్వో తాగునీరు ఒక్కటే పోసినా సరిపోదు. అందులో ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోయాయి. శుద్ధి చేయని కోకోపీట్‌లో ఆ నీటితో పెరిగిన నారుకు కాల్షియం ఎటునుంచీ రాదు. లేత ఆకులు ముడుచుకుని కొసలు నల్లబడతాయి. కుళాయి నీటిని సగం కలిపితే చాలా సందర్భాల్లో రెండు సమస్యలూ సర్దుకుంటాయి.

అపార్ట్‌మెంట్లలో పెట్టే నీటి సాఫ్ట్‌నర్ అన్నిటికన్నా మోసపుచ్చేది. అది కాల్షియాన్ని తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సబ్బు నురగ వస్తుంది, తెల్ల పొర కట్టదు, పప్పు ఉడుకుతుంది. పెన్నులో అంకె దాదాపు మారదు, ఎందుకంటే పెన్ను ఉప్పు ఎంతుందో చెబుతుంది కాని ఏ ఉప్పో చెప్పదు. కోకోపీట్‌కు కావలసినదాన్ని తీసి అక్కరలేనిదాన్ని ఇచ్చే నీళ్లవి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోవడమే దారి.

బైకార్బనేటు నీళ్లకు కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కొంతవరకు పనిచేస్తుంది. 20 లీటర్ల క్యానుకు ఒక టీస్పూను, అంటే 4, 5 గ్రాములు, గట్టి బోరు నీటిలోని బైకార్బనేటులో చెప్పుకోదగ్గ భాగాన్ని విరుస్తుంది. దాని ప్రభావం ఎక్కువ కాలం ఉండదు, సూక్ష్మజీవులు సిట్రేటును తినేస్తే క్షారత తిరిగి వస్తుంది. కాబట్టి ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. కుళాయి నీటికి ఇది అవసరం లేదు. పెద్ద సంఖ్యలో నారు పోసేవారు నీటిలో ఏ ఉప్పు ఎంతుందో తెలుసుకోవాలంటే పరీక్ష చేయించడమే మార్గం. బనవాసి, రెడ్డిపల్లి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో దీని గురించి అడగవచ్చు.

పైన దుమ్ము, అడుగున తడి

కోకోపీట్ ఆరేకొద్దీ రంగు తేలిపోతుంది. ఫ్యాను కింద, పొడిగాలిలో, పై అరంగుళం రెండు గంటల్లో తేలిపోతుంది. అడుగు మాత్రం అప్పటికీ నిండుగా ఉంటుంది. ఇందులో రహస్యం గుంత లోతులో ఉంది. నీళ్లతో తడిసిన స్పాంజిని బల్ల మీద పడుకోబెడితే చుక్కలు ఆగిపోతాయి. అదే స్పాంజిని నిలువుగా పట్టుకుంటే మళ్లీ నీళ్లు కారతాయి. ఏ పొట్టులోనైనా అడుగున కొంత ఎత్తు వరకు నీరు జారకుండా నిలబడుతుంది, ఆ ఎత్తు పాత్ర లోతును బట్టి మారదు. పన్నెండంగుళాల లోతున్న కుండీలో అది కింది కొద్ది భాగం మాత్రమే. అంగుళంన్నర లోతున్న ట్రే గుంతలో అది సగం. వేరు చేరేది ఆ సగంలోకే.

తడిలో గాలి ఉండదు. వేడి తడిలో ఇంకా తక్కువ, ఎందుకంటే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, వేరుకేమో వేడిలో ఎక్కువ కావాలి. నారుకుళ్లు తెగులు తెచ్చే పిథియం ఈ స్థితి కోసమే కాచుకుని ఉంటుంది. దాని బీజాలు నీటిలో ఈదుతాయి. పిథియం జాతుల్లో అఫానిడెర్మాటమ్ అనేది 30 డిగ్రీలు దాటిన వేడిలోనే చురుకు. నేల మట్టానికి కాడ నీరు పట్టినట్టు మెత్తబడి, సన్నబడి, పైన ఆకు పచ్చగా ఉండగానే మొక్క పక్కకు ఒరుగుతుంది. ఒక గుంతతో మొదలై వలయంగా పక్క గుంతలకు పాకుతుంది. వలయంగా పాకితే తెగులు, ట్రే అంతా ఒకేసారి ఒకేలా పాలిపోతే నీళ్లో పొట్టో కారణం. ఇంత సులువైన తేడాను పట్టించుకోకుండా మందు కొట్టడం వల్లే డబ్బు వృథా అవుతోంది.

తెగులే అయితే పడిపోయిన మొక్కలను పొట్టుతో సహా తీసేసి, మిగిలిన వాటి మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పోస్తారు. ముందు జాగ్రత్తగా కిలో విత్తనానికి 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంద్రం) పట్టించడం మేలు. రెండూ ఒకేసారి వాడితే రాగి మందు ట్రైకోడెర్మాను దెబ్బతీస్తుంది. పొట్టు మీద అక్కడక్కడా తెల్లటి బూజు కనిపించినంత మాత్రాన భయపడనక్కరలేదు, అది సాధారణంగా చచ్చిన పదార్థాన్ని తినేది. ఆకుపచ్చ నాచు కడితే తడి ఎక్కువైందని గుర్తు. ట్రే కదిపితే లేచే చిన్న నల్ల ఈగలు కూడా అదే చెబుతాయి. వాటి పురుగులు తడి పొట్టులో లేత వేళ్లు కొరుకుతాయి. పసుపు జిగురు అట్ట ఎగిరే ఈగలను పడుతుంది, పై పొరను పూర్తిగా ఆరనిస్తే పురుగులు చస్తాయి.

నీళ్లు ఎప్పుడు పోయాలో చేతికి తెలుస్తుంది. నిండా తడిపిన ట్రేను ఒకసారి ఎత్తి బరువు గుర్తుపెట్టుకుని, దాంట్లో సగమైనట్టు అనిపించినప్పుడే మళ్లీ పోయాలి. వేళ ఉదయమే. నర్సరీ కూలీలు ఏ పరికరం లేకుండా చేసేది ఇదే. కూలరు నడిచే గదిలో ఒక లెక్క, ఫ్యాను గదిలో ఒక లెక్క అవుతుంది కాబట్టి ‘రోజుకు ఇన్నిసార్లు’ అనే నియమానికి అర్థం లేదు.

కంటికి వెలుగు, మొక్కకు చీకటి

బయట మిట్టమధ్యాహ్నం వెలుతురు లక్ష లక్స్. కిటికీ పక్కన రెండు నుంచి అయిదు వేలు. గది మధ్యలో రెండు మూడు వందలు. కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. నారుకు కనీసం పది వేల లక్స్ చొప్పున రోజుకు 12 నుంచి 14 గంటలు కావాలి. ఎండ దంచే ఊళ్లో వెలుతురు కరువని చెబితే నమ్మబుద్ధి కాదు కాని, మందపు గోడలు, చిన్న కిటికీలు, దించిన తెరలు ఉన్న సీమ ఇల్లు కట్టుకున్నదే ఎండను బయట ఆపడానికి. పైగా రాత్రి వేడి ఈ లోటును పెంచుతుంది. వెచ్చటి చీకట్లో మొక్క శ్వాసకే నిల్వను ఖర్చు చేస్తూ కణాలను సాగదీస్తుంది. అందుకే అంతే వెలుతురులో 20 డిగ్రీల గదిలో కొంచెం సాగే మొలక ఇక్కడ దారంలా సాగుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, ట్రేకు జానెడు కన్నా తక్కువ ఎత్తులో వేలాడదీస్తే చాలావరకు సరిపోతుంది. గోడ మీదున్న ట్యూబు లైటు లెక్కలోకి రాదు.

ఏ ఆకు, ఏ రోజు

మొలకెత్తిన వారం లోపే విత్తనపు ఆకుల కొసలు కాలితే అది ఉప్పు. ఆకలి అయ్యే వయసు కాదది, గింజలోని నిల్వ ఇంకా ఉంది. పది, పద్నాలుగు రోజుల మధ్య విత్తనపు ఆకులు అంచు కాలకుండా మొత్తంగా లేత పచ్చకు తిరిగి, మొక్క ఆగిపోతే అది నత్రజని ఆకలి. కోకోపీట్‌లో తిండి దాదాపు ఏమీ ఉండదు. ఈ దశలో 19:19:19 లీటరుకు అర గ్రాముతో మొదలుపెట్టి వారం తర్వాత గ్రాముకు పెంచవచ్చు. దాంట్లో కాల్షియం లేదు కాబట్టి మధ్య మధ్య ఒక తడి కాల్షియం నైట్రేట్ లీటరుకు అర గ్రాము ఇవ్వాలి. రెండూ ఒకే చిక్కటి ద్రావణంలో కలిపితే ఫాస్ఫేటు విరిగి తెల్లగా అడుగున దిగిపోతుంది.

మూడో వారంలో కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు వస్తే మెగ్నీషియం, పై ఆకుల్లో అదే కనిపిస్తే ఇనుము. మొదటిదానికి పొట్టులోని అధిక పొటాషియం, రెండోదానికి నీటిలోని బైకార్బనేటు వెనక ఉంటాయి. మెగ్నీషియం పాత ఆకు నుంచి కొత్త ఆకుకు కదలగలదు, ఇనుము కదలలేదు. అందుకే ఒకటి కింద, ఒకటి పైన కనిపిస్తాయి. లేత ఆకు ముడుచుకుని కొస నల్లబడితే కాల్షియం. అయితే ముడత ఒక్కటే ఉండి ఆకు అడుగున సన్నటి పురుగులు కదులుతుంటే అది తామర పురుగు. మిరపలో దీన్ని లోపంగా పొరబడటం తరచుగా జరుగుతుంది.

మధ్యాహ్నం వాలి రాత్రికి లేచే మొక్కకు జబ్బు లేదు, వేడి మాత్రమే. తెల్లవారుజామున, పొట్టు తడిగా ఉండగా వాలి ఉంటే వేరు పోయినట్టు.

పాలిపోయిన ట్రేను ఏం చేయాలి

వేరు ఇంకా తెల్లగా ఉంటే కడగడమే మొదటి చికిత్స. కుళాయి నీటిని ట్రే పరిమాణానికి రెండింతలు నెమ్మదిగా పోసి పూర్తిగా కారనిచ్చి, కింద నుంచి జారే చివరి నీటిని గ్లాసులో పట్టి పెన్నుతో చూడాలి. పోసిన నీటి అంకెకు అది 200, 300 లోపు దగ్గరగా వస్తే చాలు. తర్వాత మూడు రోజులు ఎరువు ఆపాలి. కాలిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు రంగే ఫలితం చెబుతుంది. నాలుగైదు రోజులు పడుతుంది. వేరు గోధుమరంగులోకి తిరిగి, లాగితే పై తొక్క ఊడి లోపలి దారం మాత్రమే మిగిలితే ఆ మొక్క మీద ఇంకో వారం పెట్టడం దండగ. మిరపలో ఆ వారం కార్తెనే దాటించేస్తుంది.

టమాటలో సాగిపోయిన నారుకు ఒక వెసులుబాటు ఉంది. కాడను విత్తనపు ఆకుల దాకా లోతుగా నాటితే ఆ కాడ నుంచే వేళ్లు వస్తాయి. మిరప, వంగలకు ఈ సౌకర్యం అంతగా ఉండదు.

బతికిన నారును నేరుగా మిద్దె మీదకు తీసుకెళ్తే చేసిన శ్రమంతా ఒక మధ్యాహ్నంలో పోతుంది. అయిదు వేల లక్స్‌లో పెరిగిన ఆకు మీద లక్ష లక్స్ పడితే తెల్లటి కాగితపు మచ్చలు లేస్తాయి, వాటిని చూసి మళ్లీ తెగులనుకుంటారు. మొదటి మూడు రోజులు ఉదయం తొమ్మిది లోపు ఎండ, తర్వాత నాలుగు రోజులు 50 శాతం షేడ్‌నెట్ లేదా పాత పంచె నీడ, ఆ పైన నాటడం. తొలకరి ఆలస్యమైన ఏడాది నారు ట్రేలోనే ముదిరిపోతుంది. అప్పుడు 98 గుంతల ట్రే నుంచి తీసి, అదే శుద్ధి చేసిన పొట్టులో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన పాల ప్యాకెట్ కవర్లలోకి మారిస్తే మరో పది, పదిహేను రోజులు నిలుస్తుంది. కవరు అడుగున రంధ్రాలు పెట్టడం మరిస్తే మాత్రం కథ మళ్లీ అడుగు తడి దగ్గరికే వస్తుంది.